"ఒక పండు" అంటే ఎన్ని గ్రాములు? – నా షుగర్ డైరీ

మొదలుపెట్టక ముందు

షుగర్ ఉందని తెలిసి నాలుగేళ్లయింది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్నాను. ఈసారి మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 7.4 వచ్చింది. దాన్ని ఇంట్లో వేలు గుచ్చి షుగర్ చూసుకునే మీటరు భాషలోకి మార్చడానికి ఒక సూత్రం ఉంది: 28.7తో గుణించి, 46.7 తీసేయాలి. నాకు 166 తేలింది. అంటే పగలూ రాత్రీ కలిపి చూస్తే నా రక్తంలో సగటున డెసిలీటరుకు 166 మిల్లీగ్రాముల గ్లూకోజు తిరుగుతోందన్నమాట. ఈ డైరీలో షుగర్ అంకెలన్నీ ఆ కొలతలోనే.

పండ్ల సంగతి అడిగితే డాక్టరు గారు "తినొచ్చమ్మా, మితంగా" అన్నారు. మితం అంటే ఎంతండీ అని అడిగేలోపే తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశారు. ఇంటికొస్తే నాన్నది ఇంకో పాట. ఆయనకు షుగర్ వచ్చి ఇరవై రెండేళ్లు. అప్పటి నుంచీ మామిడిపండు నోట్లో పెట్టలేదని గొప్పగా చెప్పుకుంటారు. సాయంత్రం టీతోపాటు లోపలికి వెళ్లే నాలుగు బిస్కెట్లు మాత్రం ఆ వ్రతంలోకి రావు. ఆఫీసులో ఒకావిడ జామకాయ తప్ప ఇంకేదీ ముట్టదు. ఇంకొకాయన అరటిపండు పేరెత్తితేనే ఉలిక్కిపడతాడు. ఎవరిని అడిగినా ఒక మంచి పండు, ఒక చెడ్డ పండు చెబుతారు తప్ప, ఎంత తినాలో ఒక్కరూ చెప్పరు.

సరే, కొలిచి చూద్దాం అనుకున్నాను. ఎనిమిది పండ్లు: యాపిల్, కమలా, జామ, బొప్పాయి, అరటి, పుచ్చకాయ, ద్రాక్ష, మామిడి. ఒక్కోటి రెండుసార్లు. తినే ముందు, గంటకు, రెండు గంటలకు మీటరులో పెట్టే స్ట్రిప్పు ఒక్కోటి. 8 రెళ్లు 16, మూడేసి చొప్పున 48. డబ్బాలో 50 ఉన్నాయి. రెండు మిగులుతాయని సంబరపడ్డాను.

ఒక మాట ముందే రాసుకుంటున్నాను. నేను వాడే మందు ఒక్కటే ఉన్నప్పుడు షుగర్ ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం చాలా తక్కువ, అందుకే ఈ ధైర్యం. ఇన్సులిన్ మీదో, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రల మీదో ఉన్నవాళ్లు భోజనాలు అటూ ఇటూ మార్చి చూసే పని డాక్టరుకు చెప్పకుండా చేయకూడదు.

1వ రోజు: కాటా

ఈ రోజు సూది లేదు, తూకమే. వంటింటి కాటా మీద గిన్నె పెట్టి, సున్నా చేసి, ఇంట్లో ఉన్న మూడు యాపిళ్లు ఒకటొకటిగా పెట్టాను. 138, 182, 243. ఒకే బుట్టలోవి, ఒకే రోజు కొన్నవి. ఇన్నాళ్లూ నేను "రోజుకో యాపిల్" తింటున్నాననుకున్నది ఒక రోజు ఒకటి, ఇంకో రోజు దాదాపు రెండు!

డైటీషియన్లు ఒక పండు వంతుకి 15 గ్రాముల కార్బోహైడ్రేట్ అని లెక్క వేస్తారు. 100 గ్రాముల యాపిల్‌లో అది 14 గ్రాములు ఉంటుంది. అంటే తినే భాగం 110 గ్రాములు ఒక వంతు. 243 గ్రాముల పండులో మధ్య గింజల భాగం తీసేస్తే 218 మిగిలింది. అది అచ్చంగా రెండు వంతులు.

మిగతావాటికీ లెక్క కట్టి ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. కమలా తొనలు 125 గ్రాములు, జామ 105, బొప్పాయి 135, మామిడి గుజ్జు 100, ద్రాక్ష 85, అరటి తొక్క తీసి 65, పుచ్చకాయ ఎరుపు ముక్కలు 200. అరటి దగ్గర కలం ఆగింది. మధ్యరకం అరటిపండు తొక్క తీసి తూస్తే 118 గ్రాములుంది. సగం కంటే కాస్త ఎక్కువ తింటే చాలు, వంతు అయిపోతుంది. సగం అరటిపండు ఎవరు తింటారు? మిగతా సగం నల్లబడి నన్నే చూస్తూ ఉంటుంది.

మా అబ్బాయి ఆ చీటీ చదివి "అమ్మా, ఇది ఫ్రిజ్జా, ల్యాబా?" అన్నాడు.

2వ రోజు: ఒకే వేలు, రెండు అంకెలు

పండ్లను కొలిచే ముందు మీటరును కొలవాలి కదా. నిమిషం తేడాలో రెండుసార్లు గుచ్చుకున్నాను. 118, 127.

మీటరు చెడిపోలేదు. ఇంట్లో వాడే మీటర్లకు 2013 నాటి ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఇచ్చే వెసులుబాటే అంత. ల్యాబ్ అంకెతో పోలిస్తే నూటికి 95 రీడింగులు, 100 లోపు ఉన్నప్పుడు 15 అటూ ఇటూ, 100 దాటితే 15 శాతం అటూ ఇటూ ఉంటే చాలు. ఇది తెలియక ఇన్నాళ్లూ 132 వస్తే మురిసిపోయి 141 వస్తే కుంగిపోయేదాన్ని.

ఇక నుంచి నా రూలు: 15 లోపు తేడాను తేడాగా లెక్కపెట్టను. మిగిలే రెండు స్ట్రిప్పులు ఈ రోజే ఖర్చయిపోయాయి.

3వ రోజు, 5వ రోజు: పొద్దుటి యాపిల్, సాయంత్రం యాపిల్

పరగడుపున అయితే కడుపు ఖాళీగా ఉంటుంది, లెక్క శుభ్రంగా వస్తుందనుకుని పొద్దున ఏడింటికి మొదలుపెట్టాను. 110 గ్రాముల యాపిల్. తినే ముందు 121, గంటకు 178, రెండు గంటలకు 139. యాపిల్‌కే ఇంత పెరిగితే మామిడికి ఏమవుతుందో అని టెన్షన్ పట్టుకుంది.

అనుమానం తీరక 5వ రోజు సాయంత్రం నాలుగున్నరకు అదే బుట్టలోని యాపిల్, అదే 110 గ్రాములు. 112, 141, 118. పొద్దున 57 పెరిగింది, సాయంత్రం 29. సగం!

తెల్లవారుజామున ఒంట్లో కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరుగుతాయి. అవి కాలేయం చేత గ్లూకోజు విడుదల చేయిస్తాయి, ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. షుగర్ లేనివాళ్లకు ఇన్సులిన్ ఆ కాస్తా పెరిగి సర్దేస్తుంది, మనకు సర్దదు. ఆ పోటు ఇంకా తగ్గకముందే నేను దాని మీద యాపిల్ వేశాను. తప్పు యాపిల్‌ది కాదు, వేళది.

ప్లాన్ మార్చాను. ఇక అన్నీ సాయంత్రం నాలుగున్నరకే, మధ్యాహ్న భోజనమై మూడున్నర గంటలు గడిచాక. పొద్దున వాడిన మూడు స్ట్రిప్పులూ వృథా. డబ్బా చాలదని తేలిపోయింది, ఇంకొకటి తెప్పించాను.

9వ రోజు: 291

ఈ రోజు కమలా. తొనలు 125 గ్రాములు, తినే ముందు 109. గంట అవుతుండగా మా అబ్బాయి వచ్చి తనకూ ఒలవమన్నాడు. ఒలిచి ఇచ్చి, చేతులు చీర కొంగుకు తుడుచుకుని, వేలు గుచ్చుకున్నాను. మీటరు ఐదు నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి చూపించింది: 291.

గుండె జారిపోయింది. నాలుగేళ్లలో ఎప్పుడూ చూడని అంకె. స్పిరిట్ దూదితో వేలు తుడిచి, ఆరాక మళ్లీ గుచ్చాను. 234. ఒక నిమిషంలో 57 తగ్గడం ఏ మనిషికీ జరగదు. అప్పుడు గాని బుర్ర వెలగలేదు. సింకు దగ్గరకు వెళ్లి సబ్బుతో గోళ్ల సందులు కూడా రుద్ది కడుక్కుని, పొడి టవల్‌తో తుడుచుకుని, ఎడమచేతి వేలు గుచ్చాను. 149.

కూర్చుని లెక్క వేస్తే భయమూ పోయింది, నవ్వూ వచ్చింది. స్ట్రిప్పు పీల్చుకునే రక్తం ఒక మైక్రోలీటరు కూడా ఉండదు, గుండుసూది తలంత. కమలారసంలో గ్లూకోజు ఒక్కటే 100 గ్రాములకు సుమారు 2 గ్రాములు ఉంటుంది, అంటే మీటరు భాషలో 2000. ఆ చుక్కలో ఇరవయ్యో వంతు రసం కలిసినా అంకె 100 పెరుగుతుంది. వేలి గీతల్లో ఎండిన జిగురు చాలు.

ఇది నా ఒక్కదాని తెలివితక్కువతనం కాదు. జపాన్‌లో దీన్ని పనిగట్టుకుని పరీక్షించి 2011లో ప్రచురించారు. కమలా, ద్రాక్ష, కివీ ఒలిపించి వెంటనే వేలు గుచ్చితే రీడింగులు దొంగగా ఎగిరాయి, స్పిరిట్‌తో తుడిచినా సరిగ్గా రాలేదు, కుళాయి నీళ్లతో కడిగాకే అసలు అంకె వచ్చింది. "పండు తింటే నాకు 300 దాటింది" అనేవాళ్లలో ఎంతమంది చేతులు కడుక్కున్నారో అని ఇప్పుడు అనుమానం. ఇన్సులిన్ వాడేవాళ్లు అలాంటి అంకె చూసి డోసు పెంచుకుంటే నవ్వుతాలు కాదు కదా.

ఫ్రిజ్ చీటీ కింద ఎర్ర పెన్నుతో రాశాను: స్పిరిట్ కాదు, సబ్బు.

రెండో వారం మిగతా, మూడో వారం

జామ, బొప్పాయి రెండేసిసార్లు అయ్యాయి. జామకు ఎక్కువలో ఎక్కువ పెరిగింది 19, బొప్పాయికి 33. జామకు మంచి పేరు ఊరికే రాలేదు. దాని 14 గ్రాముల కార్బోహైడ్రేట్‌లో 5 గ్రాముల పైచిలుకు పీచే, అది రక్తంలోకి గ్లూకోజుగా వెళ్లదు. పైగా నమలడానికి పది నిమిషాలు పట్టింది. ఇంతకంటే రాయడానికి లేదు, జామ మంచి విద్యార్థి.

అరటిపండుతో రెండు రోజులు. మొదటిసారి తొక్క మీద ఇంకా పచ్చదనం ఉన్నది, 65 గ్రాములు: 109, 138, 121. నాలుగు రోజులాగి అదే గెలలోది, మచ్చలు పడ్డాక: 111, 156, 117. పండే కొద్దీ అందులోని పిండి చక్కెరగా మారుతుందని తెలుసు కాబట్టి, చూశారా అని చెప్పాలనిపించింది. కానీ 29కీ 45కీ మధ్య తేడా 16. నా రూలు 15. అంచు మీద ఉన్నదాన్ని పట్టుకుని వాదించను. ఒకటి మాత్రం ఖాయం. మచ్చలు పడ్డ అరటిపండు కూడా 65 గ్రాములే తింటే 160 దాటలేదు. తిన్నాక 180 లోపు ఉండాలన్నది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పే సాధారణ లక్ష్యం. ఉలిక్కిపడే ఆఫీసు ఆయనకు చెబితే నమ్మలేదు. "సగం తిని ఎవరు ఆపుతారండీ" అన్నాడు. అందులో న్యాయం ఉంది.

19వ రోజు: పుచ్చకాయ

దీనికోసం ఎదురుచూశాను, ఎందుకంటే జాబితాల్లో దీని పరువు తీసేస్తారు. ఏ తిండి షుగర్‌ను ఎంత పెంచుతుందో చెప్పే అంకె, గ్లైసిమిక్ ఇండెక్స్, దీనికి 70 దాటుతుంది, అంటే "ఎక్కువ" వరుసలో ఉంటుంది. ఈ ఇండెక్స్‌ను 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం తెచ్చింది. ఏ పదార్థమైనా 50 గ్రాముల కార్బోహైడ్రేట్ వచ్చేంత తినిపించి, అంతే గ్లూకోజుతో పోల్చి అంకె ఇస్తారు.

అసలు కిటుకు ఆ 50 గ్రాముల దగ్గరుంది. పుచ్చకాయ 100 గ్రాముల్లో కార్బోహైడ్రేట్ ఏడున్నర గ్రాములే, మిగతాదంతా దాదాపు నీళ్లు. 50 గ్రాములు రావాలంటే ముప్పావు కిలోకు కాస్త తక్కువ, 670 గ్రాములు తినాలి. ఇండెక్స్ అంకె ఆ తిండికి ఇచ్చింది, నా గిన్నెలోని 200 గ్రాములకు కాదు.

నా అంకెలు: 108, గంటకు 144, రెండు గంటలకు 106. పరవాలేదనిపించింది. కానీ తిన్న అరగంటకు కాస్త బరువుగా అనిపించిందన్న గుర్తుతో, రెండోసారి అరగంటకు ఇంకో స్ట్రిప్పు పెట్టాను. 163. గంటకు మళ్లీ 140కి దిగింది. అంటే శిఖరం నేను చూడని చోట ఉంది! త్వరగా ఎక్కి త్వరగా దిగే పండును గంటకోసారి చూస్తే మంచిదానిలా కనిపిస్తుంది. ఇప్పటిదాకా రాసిన అంకెలన్నిటి మీదా ఆ అనుమానం ఉంచాల్సిందే. ఇక నుంచి అరగంట రీడింగు కూడా. డైరీలో పాత పేజీలు దిద్దలేదు, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

24వ రోజు: ద్రాక్ష, నా నిర్వాకం

కాటా మీద ద్రాక్ష బాగానే నడిచింది. 85 గ్రాములంటే 17 కాయలు, లెక్కపెట్టాను. 110 నుంచి అరగంటకు 152, గంటకు 148, రెండు గంటలకు 119.

అసలు సంగతి మర్నాడు జరిగింది. రాత్రి టీవీ ముందు ఫ్రిజ్‌లోంచి గిన్నె తెచ్చుకుని కూర్చున్నాను. కాటా లేదు, డైరీ లేదు. సీరియల్ అయిపోయేసరికి కాడలు మాత్రం మిగిలాయి. గిన్నెలో ముందు ఎంతుందో పొద్దున తూచి పెట్టుకున్నాను కాబట్టి తప్పించుకోలేకపోయాను: 230 గ్రాములు. 41 గ్రాముల కార్బోహైడ్రేట్, దాదాపు మూడు వంతులు. గంటకు 214.

ఇదే ద్రాక్ష నిన్న 152 దగ్గర ఆగింది. "ద్రాక్ష పడదు" అని రాయాలా, "గిన్నె పడదు" అని రాయాలా? ఒక్కో కాయ ఐదు గ్రాములే, చేతికి బరువు తెలియదు, తొక్క ఒలవక్కర్లేదు, నోరు ఆగదు. కమలా అయితే ఒలిచే శ్రమే ఒక బ్రేకు. అప్పటి నుంచి ద్రాక్ష కడిగేటప్పుడే 85 గ్రాముల చొప్పున చిన్న డబ్బాల్లో పెట్టేస్తున్నాను.

ఎండుద్రాక్ష, ఖర్జూరాన్ని పరీక్షించలేదు, తూచి చూశానంతే. ఎండుద్రాక్ష 19 గ్రాములకే వంతు అయిపోతుంది, అరచేతి గుంటలో కూడా నిండదు. పెద్ద రకం ఖర్జూరం గింజ తీసి 24 గ్రాములుంది, ఒక్కటే వంతు దాటేసింది. నీళ్లు తీసేసిన పండు అంతే మరి.

30వ రోజు: తొనలు, రసం

ఈ పరీక్షకు రెండు వంతులు పెట్టుకున్నాను. ఒక రోజు 250 గ్రాముల కమలా తొనలు, ఇంకో రోజు సరిగ్గా 250 గ్రాముల తొనల రసం, వడగట్టి. తొనలు తినడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. రసం తాగడానికి 40 సెకన్లు.

తొనలు: 113, అరగంటకు 151, గంటకు 164, రెండు గంటలకు 128. రసం: 110, అరగంటకు 189, గంటకు 171, రెండు గంటలకు 104. రసం తాగిన రోజు ఆరున్నరకల్లా నకనకలాడే ఆకలి, తొనలు తిన్న రోజు అది లేదు.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 1977లోనే ఇలాంటి ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న పది మందికి యాపిల్ మూడు రకాలుగా ఇచ్చారు: పండుగా, గుజ్జుగా, రసంగా. పండు కంటే రసం 11 రెట్లు వేగంగా లోపలికి వెళ్లింది. వాళ్లకు గ్లూకోజు పెరగడం మూడింటికీ ఒకేలా ఉంది గానీ, రసానికి ఇన్సులిన్ ఎక్కువ ఊరింది, ఆ తర్వాత గ్లూకోజు బాగా కిందికి దిగింది, కడుపు నిండిన తృప్తి కూడా తక్కువే. అంత ఇన్సులిన్ అప్పటికప్పుడు ఊరించలేని నా ఒంట్లో ఆ తేడా అరగంట అంకెలోనే బయటపడి ఉంటుందని నా ఊహ. వడగట్టిన పిప్పిని చూస్తే బాధేసింది. నాకు పనికొచ్చేది అందులోనే ఉంది.

33వ రోజు: రాత్రి రెండున్నర

రసాన్ని తిట్టి మూడు రోజులు కాలేదు. నాన్న లేపారు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. రాత్రి ఇన్సులిన్ వేసుకుని సరిగా తినలేదట. మీటరు 62 చూపించింది. 70 కంటే తగ్గితే ఆగకూడదు.

ఆయన మంచం పక్క ఎప్పుడూ ఉండే చిన్న పండ్లరసం ప్యాకెట్ తీసి 120 మిల్లీలీటర్లు తాగించాను, అది సుమారు 15 గ్రాములు. పావుగంట గడియారం చూస్తూ కూర్చున్నాం. 84. మళ్లీ పడిపోకుండా కాస్త తినిపించి పడుకోబెట్టాను.

ఆ పావుగంటలో జామకాయ ఇచ్చి ఉంటే? పీచు, నమలడం, అరగడం, ఇన్నీ అయ్యేదాకా ఆగే సమయం లేదు. నా 189ని ఎక్కించిన వేగమే ఇక్కడ ఆయన్ని కాపాడింది. పొద్దున ఆయనే అన్నారు, "నీ డైరీలో రసాన్ని కొట్టేయకమ్మాయ్, నా మంచం దగ్గర దానికి ఉద్యోగం ఉంది."

38 నుంచి 45 దాకా: భోజనం తర్వాత పండు

సాయంత్రం ఒంటరిగా తిన్న పండు ఒకటి, భోజనం చివర తిన్న పండు ఇంకొకటి. మామూలు మధ్యాహ్న భోజనం చేసి, వెంటనే 110 గ్రాముల యాపిల్ తిన్నాను. ముందు 118, రెండు గంటలకు 207. వట్టి భోజనానికి నాకు మామూలుగా 180 దగ్గర ఉంటుంది. పండు దాని నెత్తిన కూర్చుంది.

రెండు రోజులాగి, భోజనంలో సుమారు 15 గ్రాముల కార్బోహైడ్రేట్ మేర తగ్గించి, అదే యాపిల్ తిన్నాను: 176. ఇంకో రోజు అలాగే తిని, లేచి 12 నిమిషాలు నడిచాను: 158. ఒక్కోసారే చేశాను కాబట్టి గట్టిగా వాదించను, కానీ నడక మీద నమ్మకం ఉంది. న్యూజిలాండ్ ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో 41 మంది టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల మీద చేసిన పరీక్ష ప్రచురించారు. రోజులో ఎప్పుడో ఒకసారి 30 నిమిషాలు నడవడం కంటే, మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడిస్తే తిన్న తర్వాతి గ్లూకోజు సగటున 12 శాతం తక్కువగా ఉంది. ఇంటి చుట్టూ నాలుగు రౌండ్లు, అంతే కదా.

ఈ వారమే, ఇన్ని పండ్లు తింటూ సగటు పాడుచేసుకుంటున్నానేమో అన్న గుబులుతో రాత్రి కూర్చుని చదివాను. డెన్మార్క్‌లో కొత్తగా టైప్ 2 బయటపడ్డ 63 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజుకు రెండు పండ్లకు తగ్గకుండా తినమని, ఇంకో జట్టుకు రెండు దాటొద్దని చెప్పారు. 12 వారాలయ్యాక హెచ్‌బీఏ1సీ రెండు జట్లకూ కాస్త తగ్గింది, జట్ల మధ్య తేడా లేదు. 2013లో అచ్చయింది. ఆ రాత్రి నిద్ర పట్టింది.

50వ రోజు: నాన్న చీటీ

నాన్న ఫ్రిజ్ చీటీ దగ్గర నిలబడి చాలాసేపు చదివారు. "అయితే నేనూ ఇలా తినొచ్చా?"

అవునని నోటిదాకా వచ్చి ఆగింది. ఆయన రిపోర్టుల్లో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కొంచెం ఎక్కువుంది, ఆయన డాక్టరు పొటాషియం మీద కన్నేయమన్నారు. మూత్రపిండాలు బలహీనపడితే పొటాషియం బయటికి పోదు, అప్పుడు అరటి, కమలా లాంటివి షుగర్ అంకె బాగున్నా గుండెకు ఇబ్బంది. నక్షత్రపండు అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు నిజంగా ప్రమాదం, అందులోని విషపదార్థం మెదడు మీద పనిచేస్తుంది. పైగా ఆయన కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వేసుకుంటారు, దానితో పంపరపనసను పోలిన గ్రేప్‌ఫ్రూట్ పడదు, మందు రక్తంలో పెరిగిపోతుంది. నా చీటీలో వీటిలో ఒక్కటీ లేదు. అది గ్లూకోజు చీటీ మాత్రమే, అదీ నా గ్లూకోజు.

"నాన్నా, ఈ అంకెలు మీవి కావు. మీ డాక్టరు గారిని అడుగుదాం" అన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నారు గానీ ఒప్పుకున్నారు.

52వ రోజు: మామిడి

తొక్క, టెంక తీసి 100 గ్రాములు. టెంక చుట్టూ ఉన్నది చీకితే లెక్క పోతుందని పక్కన పెట్టాను, ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే కష్టమైన పని అదే. 107, అరగంటకు 147, గంటకు 151, రెండు గంటలకు 122. మూడు రోజులాగి మళ్లీ: 114, 158, 149, 120.

అరటి, ద్రాక్ష వరుసలోనే ఉంది. రాజు అని పేరే గానీ నా మీటరు దగ్గర ప్రత్యేక మర్యాదలేమీ లేవు. ఒక మామూలు సైజు పండు కోస్తే గుజ్జు 260 గ్రాములు వచ్చింది, అది రెండున్నర వంతులు. పండు మొత్తం తిని "మామిడికి 230కి పెరిగింది" అనుకోవడం ఎంత తేలికో అర్థమైంది.

56వ రోజు

నా హెచ్‌బీఏ1సీ పరీక్షకు ఇంకా ఐదు వారాలుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఇప్పుడు చేయిస్తే కొంత పాత కథ కూడా కలిపి చెబుతుంది. స్ట్రిప్పులు రెండో డబ్బాలో 11 మిగిలాయి.

నాన్న డాక్టరు ఫోన్లో మాట్లాడారు. మామిడి 80 గ్రాములు, సాయంత్రం బిస్కెట్లకు బదులుగా, వారానికి రెండుసార్లు, ముందూ తర్వాతా చూసుకోవాలి. ఇరవై రెండేళ్ల వ్రతం ఈ రోజు సాయంత్రం ముగిసింది. చేతులు సబ్బుతో కడుక్కుని, 126 అని నా డైరీలోనే ఆయన దస్తూరీతో రాసుకుని, కాటా ముందు కూర్చున్నారు. ముక్కలు పెడుతుంటే 80 దగ్గర ఆపాను.

"గిన్నె బరువు తీసేశావా?"

"తీసేశాను నాన్నా."

"మళ్లీ చూడు."

గిన్నె ఖాళీ చేసి, సున్నా చూపించి, ముక్కలు మళ్లీ వేశాను. 78 చూపించింది. ఆయన మాట్లాడకుండా చాకు అందుకుని, టెంక మీద నుంచి రెండు గ్రాముల పీలిక కోసి వేశారు.